సంతకానికి ముందే చదవవలసిన అధికారి: గృహనిర్మాణ సంస్థలకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల గృహనిర్మాణ శాఖ ముఖ్య కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల హౌసింగ్ బోర్డులు, గృహనిర్మాణ కార్పొరేషన్లు, ఆంధ్రప్రదేశ్ టిడ్కో (పట్టణ పేదలకు అపార్టుమెంట్లు కట్టే ప్రభుత్వ సంస్థ) పాలకమండళ్ల సభ్యులకు,

నమస్కారాలతో,

గృహనిర్మాణ వివాదాలలో కొన్నాళ్లు అలాటీల (ఇల్లు కేటాయింపు పొందినవారి) తరఫున, కొన్నాళ్లు ప్రభుత్వ సంస్థల తరఫున వాదించిన న్యాయవాదిని. ఈ లేఖ ద్వారా మిమ్మల్ని కోరేది ఒక్కటే. ప్రజల డబ్బుతో ప్రజలకు ఇళ్లు కట్టించే ప్రతి సంస్థలోనూ పూర్తికాలం పనిచేసే చీఫ్ లా ఆఫీసర్ పదవి ఉండాలి. ఆ పదవిలో ఉన్నవారు చీఫ్ ఇంజినీరుతోనూ ఆర్థిక విభాగాధిపతితోనూ సమాన హోదాలో పాలకమండలి సమావేశంలో కూర్చోవాలి. టెండరు షరతులైనా, బ్యాంకుతో ఒప్పందమైనా, కేటాయింపు మార్గదర్శకాలైనా వారి రాతపూర్వక అభిప్రాయం ఫైలుకెక్కిన తరువాతే సంతకానికి వెళ్లాలి. ఇది కొత్త కోరికేమీ కాదని, లా సెక్షన్ ఎప్పటినుంచో ఉందని, సంస్థ తరఫున కోర్టులో వాదించే స్టాండింగ్ కౌన్సెల్ కూడా ఉన్నారని మీరు అనవచ్చు. ఉన్నారు. అయితే ప్రభుత్వ సంస్థలలో సాధారణంగా ఫైలు వారి బల్ల మీదికి చేరేది హైకోర్టులో రిట్ దాఖలై, జవాబుగా వేయవలసిన కౌంటర్ అఫిడవిట్‌కు గడువు ముంచుకొచ్చి, సంబంధిత విభాగం నుంచి పేరాల వారీ వివరణలు (పేరావైజ్ రిమార్కులు) ఇంకా రాని రోజున. అప్పటికి చేయగలిగింది వాదన ఒక్కటే. సలహా ఇచ్చే అవకాశం చాలా ముందే చేజారిపోయి ఉంటుంది.

గృహనిర్మాణ సంస్థ చట్టంతో పెనవేసుకున్నంతగా మరే ప్రభుత్వ సంస్థా పెనవేసుకుని ఉండదని నా అభిప్రాయం. రోడ్ల శాఖ రోడ్డు వేసి తప్పుకుంటుంది, నీటిపారుదల శాఖ కాలువ తవ్వి నీళ్లు వదులుతుంది. గృహనిర్మాణ సంస్థ అలా కాదు. భూమిని సేకరించేటప్పుడు అది రాజ్యం, కాంట్రాక్టరును పిలిచేటప్పుడు యజమాని, ఇల్లు అమ్మేటప్పుడు బిల్డరు, వాయిదాలు వసూలు చేసేటప్పుడు అప్పిచ్చినవాడు, కాలనీ నిర్వహణ సంఘానికి అప్పగించే దాకా ఒక చిన్న మునిసిపాలిటీ. ఈ వేషాలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క చట్టం వర్తిస్తుంది. అందరినీ సమానంగా చూడమనే రాజ్యాంగం 14వ అధికరణం మాత్రం అన్నింటికీ వర్తిస్తుంది. ప్రైవేటు బిల్డరు తనకు నచ్చినవారికి ఫ్లాటు అమ్ముకోవచ్చు, మీరు అమ్మకూడదు. అతను ధర పెంచితే అది వ్యాపారం, మీరు పెంచితే కారణం చెప్పాలి.

ఈ చట్టపు పొరలు ఒక్కరోజులో పేరుకున్నవి కావు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదులో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది, దాని వారసత్వం హౌసింగ్ బోర్డుకు వచ్చింది. 1956 నాటి హౌసింగ్ బోర్డు చట్టం, బలహీనవర్గాల ఇళ్ల కోసం 1979లో పుట్టిన గృహనిర్మాణ కార్పొరేషన్, మధ్యతరగతి కోసం 2007లో వచ్చిన రాజీవ్ స్వగృహ, 2015 నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన, తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్లు, ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లు, ఇలా ప్రతి పథకం తనదైన నియమావళిని వెంట తెచ్చుకుంది. వెనకటిది మాత్రం ఎక్కడికీ పోలేదు. కేపీహెచ్‌బీలో దశాబ్దాల కిందట ఇల్లు తీసుకున్న కుటుంబం వారసత్వ వివాదంతో నేటికీ మీ కార్యాలయం మెట్లెక్కగలదు. 2023 జూన్‌లో కొల్లూరులో ఒకేచోట ప్రారంభమైన 15,660 ఫ్లాట్ల సముదాయంలో లిఫ్టుల నిర్వహణ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న కూడా న్యాయశాస్త్రం ప్రశ్నే. రాష్ట్ర విభజనతో ఈ సంస్థలు పునర్వ్యవస్థీకరణ చట్టం తొమ్మిదో షెడ్యూలుకు (రెండు రాష్ట్రాలు పంచుకోవలసిన సంస్థల జాబితాకు) ఎక్కి, ఆస్తుల పంపకమనే మరో పొర వాటి మీద పడింది. ఇన్ని తరాల బాధ్యతను మూడేళ్లకొకసారి మారే స్టాండింగ్ కౌన్సెల్ జ్ఞాపకం మీద వదిలేయడం తెలివైన పని కాదు.

చట్టం మీ సంస్థలను ఏ దృష్టితో చూస్తుందో కూడా మారింది. 1993 నవంబరులో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, ఇళ్లు కట్టి ఇచ్చే ప్రభుత్వ సంస్థ అందించేది సేవేనని, కాబట్టి అది వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తుందని తేల్చింది. ఆ తీర్పులో అధికారులు ఎక్కువగా గుర్తుపెట్టుకోని భాగం మరొకటుంది. అలాటీని వేధించినందుకు పరిహారం విధించినప్పుడు సంస్థ దాన్ని ముందుగా తన నిధుల నుంచి చెల్లించి, ఆ వేధింపునకు బాధ్యులైన ఉద్యోగులెవరో తేల్చి వారినుంచి రాబట్టాలని న్యాయస్థానం చెప్పింది. మూడు దశాబ్దాలు దాటినా ఈ మాటను తన సంస్థలో అమలు చేయించిన న్యాయవిభాగాధిపతులు ఎంతమంది ఉన్నారని అడిగితే సమాధానం కష్టం. తరువాత 2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) వచ్చింది. అందులో ‘ప్రమోటరు’ అన్న నిర్వచనం అభివృద్ధి సంస్థలను, ప్రభుత్వ సంస్థలను పేరుపెట్టి కలుపుకుంది. 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 యూనిట్ల పరిమితి దాటిన ప్రాజెక్టును రిజిస్టరు చేయించడం, ఒప్పందం రాసుకోకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకపోవడం, ఆలస్యమైతే వడ్డీతో తిరిగి చెల్లించడం, అప్పగించిన 5 సంవత్సరాల దాకా నిర్మాణ లోపాలను సొంత ఖర్చుతో సరిచేయడం ఆ చట్టం ప్రమోటరు మీద పెట్టిన బాధ్యతలు. ధరలో పెద్ద భాగం సబ్సిడీగా వచ్చే ఇంటికి ఇవి ఎంతవరకు, ఏ రూపంలో వర్తిస్తాయన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. తేలిక కాదు గనుకనే దాన్ని టెండరు పిలవకముందే ఒకరు కూర్చుని ఆలోచించి, తన పేరుతో అభిప్రాయం రాసి పెట్టాలి.

ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్ల విషయం దీనికి నా దృష్టిలో అందరికీ తెలిసిన ఉదాహరణ, అందుచేత దాని దగ్గర కొంచెంసేపు ఆగుతాను. పట్టణ పేదల కోసం 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను అపార్టుమెంట్లుగా కట్టే పథకమది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వాటా పోగా మిగిలినదాన్ని లబ్ధిదారు పేరిట బ్యాంకు అప్పుగా సమకూర్చే పద్ధతి పెట్టారు. తరువాతి ప్రభుత్వం 300 అడుగుల ఇంటిని రూపాయికే ఇస్తామంది. ప్రభుత్వాలు మారాయి, పనులు ఆగి మళ్లీ మొదలయ్యాయి, రోడ్లు, మురుగు కాలువలు, నీటి కనెక్షన్లు భవనాల కన్నా వెనకబడ్డాయి. ఇల్లు చేతికి రాకముందే వాయిదా కట్టమని బ్యాంకుల నుంచి నోటీసులు వచ్చాయన్న ఫిర్యాదులు రాష్ట్రమంతటా వినిపించాయి. దీనిని పాత ప్రభుత్వం తప్పనో కొత్త ప్రభుత్వం తప్పనో వాదించుకోవడం రాజకీయ నాయకుల పని, నాకు అందులో ఆసక్తి లేదు. న్యాయవాదిగా నా కళ్లు నిలిచేది అప్పు పత్రం దగ్గర.

ఆ పత్రం మీద సంతకం చేసిన వ్యక్తి ఇళ్లలో పనిచేసే మహిళో, ఆటో నడిపే మనిషో, బండి మీద కూరగాయలు అమ్మేవారో అయి ఉంటారు. బ్యాంకు తరఫున ఒక న్యాయవాది ఆ పత్రాన్ని తయారుచేసి ఉంటారు. కాంట్రాక్టు కంపెనీ తరఫున ఇంకొకరు తమ ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదివి ఉంటారు. లబ్ధిదారు తరఫున చదవగలిగినది, చదవవలసినది ఆ పథకం నడిపే సంస్థ మాత్రమే. మొదటి వాయిదా అప్పు మంజూరైన తేదీ నుంచి మొదలవుతుందా, ఇంటి తాళం చేతికిచ్చిన తేదీ నుంచా? నిర్మాణం ఆలస్యమైన కాలానికి పడే వడ్డీ ఎవరు భరించాలి? తాగునీరు, కరెంటు లేని భవనాన్ని అప్పగించినట్టు లెక్కవేయవచ్చా? లబ్ధిదారును జాబితా నుంచి తొలగిస్తే అతని పేరిట ఉన్న అప్పు ఏమవుతుంది? ప్రభుత్వం వాయిదాలు తానే కడతానని ఉత్తర్వు ఇస్తే ఆ ఉత్తర్వు బ్యాంకును కట్టిపడేస్తుందా, లేక అది లబ్ధిదారుకు ఇచ్చిన వాగ్దానం మాత్రమేనా? బాకీ పడినట్టు నమోదైతే పేదవాడి క్రెడిట్ స్కోరు పాడై, రేపు కూతురి చదువుకు అప్పు పుట్టకపోతే జవాబు చెప్పేదెవరు? ఈ ప్రశ్నలలో ఒక్కటి కూడా పాండిత్యం అడిగేది కాదు. త్రైపాక్షిక ఒప్పందంలో నాలుగు వాక్యాలు చేరిస్తే వీటిలో చాలావాటికి దారి దొరుకుతుంది. ఆ నాలుగు వాక్యాలు రాయగల సమయం అప్పు మేళాలు పెట్టడానికి ముందు వారాలలోనే ఉంటుంది. అప్పుడు ఆ గదిలో కూర్చుని, ఈ షరతు ఇలా ఉంటే సంస్థ సంతకం పెట్టరాదని చెప్పే హోదా ఉన్న న్యాయాధికారి ఉన్నారా అన్నదే నా ప్రశ్న.

విధానపరమైన పెద్ద నిర్ణయాలలోనూ ఇదే లోటు కనిపిస్తుంది. 2021 అక్టోబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో సెంటున్నర స్థలంలో ఇళ్లు కట్టే మార్గదర్శకాలను తప్పుపట్టి నిర్మాణాలు ఆపమంది. నవంబరు నెలాఖరులో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. 2023లో అమరావతిలో పేదల ఇళ్లకు గుర్తించిన ఆర్-5 జోన్‌లో 50 వేల మందికి పైగా పట్టాలు అందుకున్నారు. తుది తీర్పుకు లోబడే అన్న షరతుతో ఆ పట్టాల పంపిణీకి సుప్రీంకోర్టు అనుమతిచ్చింది, ఆ తరువాత ఆగస్టు 3న హైకోర్టు అక్కడ ఇళ్ల నిర్మాణం మీద స్టే ఇచ్చింది. ఆ కేసుల్లో ఎవరి వాదన సరైనదన్నది ఇక్కడ అప్రస్తుతం. పట్టా కాగితం పట్టుకున్న మనిషికి మాత్రం, నీ హక్కు కోర్టు తీర్పుకు లోబడి ఉందమ్మా అని తెలుగులో, అర్థమయ్యేలా, ఆ కాగితం మీదే రాసి ఇవ్వడం సంస్థ ధర్మం. అలా రాయించే పట్టుదల సభ ఏర్పాట్లు చూసే అధికారికి ఉండదు. న్యాయాధికారికి ఉండాలి.

ఇక్కడ అసలు చిక్కు ముడి ఉంది. చీఫ్ లా ఆఫీసర్ ఎవరి న్యాయవాది? మేనేజింగ్ డైరెక్టరు నియమిస్తారు, జీతం సంస్థ ఇస్తుంది, ఫోను మంత్రిగారి పేషీ నుంచి వస్తుంది. ఆ ముగ్గురి కోరికా ఒకటే అయిన రోజున ఇబ్బంది లేదు. వేరైన రోజున ఆయన కక్షిదారు సంస్థే, దాని కుర్చీలలో ప్రస్తుతం కూర్చున్నవారు కారు. ఈ తేడాను మరిస్తే ఏమవుతుందో చెప్పడానికి న్యూయార్కు నగర గృహనిర్మాణ సంస్థ కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. అమెరికాలో అన్నింటికన్నా పెద్ద ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ అది, 2018 నాటికి 4 లక్షల మంది దాకా దాని ఇళ్లలో అద్దెకుండేవారు, సొంత న్యాయవిభాగం చాలా పెద్దది. అయినా 2018 జూన్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు దాని మీద ఫిర్యాదు దాఖలు చేశారు. సీసం కలిసిన పాత రంగు పెచ్చులు పిల్లల ఆరోగ్యాన్ని దెబ్బతీయకుండా చేయవలసిన తనిఖీలు చేయకుండానే, చేశామని కేంద్ర గృహనిర్మాణ శాఖకు ధ్రువీకరణ పత్రాలు పంపారన్నది అందులో ప్రధాన ఆరోపణ. తనిఖీ బృందం వస్తుందని తెలియగానే భవనానికి నీళ్లు ఆపేసి లీకులు కనపడకుండా చేసేవారన్నది మరొకటి. 2019 జనవరి 31న కుదిరిన ఒప్పందంతో సంస్థ మీద బయటి పర్యవేక్షకుడు వచ్చి కూర్చున్నాడు, నిబంధనల అమలు చూసేందుకు ప్రత్యేక విభాగాలు పెట్టవలసి వచ్చింది. అంత పెద్ద న్యాయవిభాగం ఉన్నా సంస్థ పేరిట అబద్ధపు పత్రం బయటికి వెళ్లకుండా ఆగలేదంటే, న్యాయవాదుల సంఖ్య చాలదని, ‘ఈ ధ్రువీకరణకు ఆధారం చూపించండి’ అని పై అధికారిని అడిగే అధికారం ఒకరికి స్పష్టంగా రాసి ఇవ్వాలని అర్థం. మన దగ్గర నిధులు ఖర్చుచేశామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్లు, ప్రగతి నివేదికలు ఎలా తయారవుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

అప్పీళ్ల సంగతికి వస్తాను. రాజస్థాన్‌లోని బికనీరు పట్టణాభివృద్ధి ట్రస్టు ఒక వ్యక్తి స్థలాన్ని సేకరించకుండానే దానిగుండా రోడ్డు వేసింది. అతను వినియోగదారుల ఫోరానికి వెళ్లి గెలిస్తే, పొరపాటును సరిదిద్దుకోవడం మాని ట్రస్టు సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 2009లో ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం, ఇలాంటి అనవసర వ్యాజ్యాలకు మూలం అధికారుల రెండు అపోహలేనని చెప్పింది. సంస్థ మీద వచ్చే ప్రతి క్లెయిమూ అక్రమమేనని, దాన్ని చివరి కోర్టు దాకా ఎదిరించాలన్నది మొదటిది. నిర్ణయం తీసుకోకుండా తప్పించుకునే వీలుంటే తప్పించుకుని, బాధితుణ్ణే కోర్టుకు వెళ్లనివ్వడం క్షేమమన్నది రెండోది. తెలుగు రాష్ట్రాల గృహనిర్మాణ కేసుల్లో ఇరుపక్షాలా నిలబడిన అనుభవంతో, ఈ రెండు అపోహలూ బికనీరుకు పరిమితం కావని చెప్పగలను. వాటి వెనక ఉన్నది దుర్బుద్ధి కాదు, భయం. అప్పీలు వేయకపోతే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుందని, విజిలెన్సు విచారణ పడుతుందని అధికారి భయపడతాడు. వేసి ఓడిపోతే అడిగేవారుండరు. అందుకే కేసు గెలవదని తెలిసినా అప్పీలు ఫైలు పైకి కదులుతూ పోతుంది, ఆలస్యంగా కదులుతుంది, చివరికి గడువు దాటాక కోర్టుకు చేరుతుంది. తపాలా శాఖ 427 రోజుల ఆలస్యంతో వచ్చిన కేసులో 2012లోనే సుప్రీంకోర్టు, ప్రభుత్వ యంత్రాంగం నెమ్మదిగా కదులుతుందన్న సాకు ఇక చెల్లదంది. 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజులు ఆలస్యంగా వస్తే పిటిషను కొట్టివేసి, 25 వేల రూపాయల ఖర్చులు విధించి, బాధ్యులైన అధికారుల నుంచి రాబట్టమంది. కోర్టు కొట్టేసిందన్న ‘సర్టిఫికెట్’ కోసమే ఇలాంటి కేసులు వేస్తున్నారని కూడా మందలించింది.

అప్పీలు వద్దని రాయగల ధైర్యం ఎవరికో ఒకరికి చట్టబద్ధంగా అప్పగిస్తే ఈ భయం చాలావరకు తొలగుతుంది. చీఫ్ లా ఆఫీసర్ కారణాలతో రాసిన అభిప్రాయం మేరకు రాజీపడిన అధికారి మీద, లంచమో కుమ్మక్కో రుజువైతే తప్ప, ఆ రాజీ ఒక్కటే కారణంగా చర్య ఉండదని పాలకమండలి తీర్మానం చేయవచ్చు. లోక్ అదాలత్‌కు ఏ కేసులు పంపాలో ఎంచుకునే అధికారం కూడా ఆ పదవికే ఇవ్వవచ్చు. ప్రభుత్వం మీద దావాకు ముందు ఇచ్చే 2 నెలల నోటీసులకు జవాబే రావడం లేదని 2005లో సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు వాపోయింది, జవాబులకు బాధ్యత వహించే అధికారిని ప్రతి ప్రభుత్వమూ నియమించాలంది. నోటీసుకు సకాలంలో సరైన జవాబిస్తే ఎన్ని కేసులు పుట్టకుండానే ఆగుతాయో, ఆ జవాబు రాక విసిగి నా దగ్గరికి వచ్చిన అలాటీలను చూసినవాణ్ణి గనుక ఊహించగలను. వకీళ్లకు అది నష్టమే అనుకోండి.

కాగితాలను కాపాడటం ఈ పదవికి చెందిన మరో పని. వినడానికి చిన్నది. 2013 భూసేకరణ చట్టంలోని 24వ సెక్షన్ వచ్చాక, 1894 చట్టం కింద సేకరించిన భూములపై స్వాధీనం జరగలేదనో పరిహారం చెల్లించలేదనో సేకరణే రద్దయిందని వాదనలు దేశమంతటా వెల్లువెత్తాయి. 2014లో పుణె మునిసిపల్ కార్పొరేషన్ తీర్పు ఆ వాదనకు బలమిచ్చింది. 2020 మార్చి 6న ఇందౌర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, పంచనామా ద్వారా స్వాధీనం చేసుకుంటే చాలునంది. అంటే కోట్ల విలువైన భూమి ఎవరిదన్నది దశాబ్దాల కిందట ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సాక్షుల సంతకాలతో రాసిన ఒక్క కాగితం మీద ఆధారపడుతుంది. అది సంస్థ రికార్డు గదిలో ఉందా, చెదలు తిన్నదా, విభజన సమయంలో ఏ లారీలో ఏ నగరానికి వెళ్లింది? అవార్డు (పరిహార నిర్ణయ పత్రం), పంచనామా, డిపాజిట్ చలాను, లేఔట్ అనుమతి, వీటిని భూమివారీగా ఒకచోట చేర్చి, ప్రతిదానికీ సర్టిఫైడ్ కాపీ తీయించి పెట్టడం న్యాయవిభాగం పని కాకపోతే ఇంకెవరిదో తెలియదు.

ఈ పదవికి మనిషిని ఎలా తేవాలన్నది కొంత సున్నితమైన విషయం. జీతం మీద పూర్తికాలం పనిచేసే లా ఆఫీసర్ న్యాయవాదిగా ఉండరాదని బార్ కౌన్సిల్ 49వ నియమం చెబుతుంది. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ కేసులో 2001లో సుప్రీంకోర్టు కూడా అదే నిర్ధారించింది. 2025 అక్టోబరు 31న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం, సంస్థ లోపల జీతానికి పనిచేసే న్యాయ సలహాదారులకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ కింద న్యాయవాదికి దక్కే గోప్యతా రక్షణ దక్కదని, 134వ సెక్షన్ కింద పరిమితమైన రక్షణే ఉంటుందని స్పష్టం చేసింది. కాబట్టి చీఫ్ లా ఆఫీసర్, స్టాండింగ్ కౌన్సెల్ ఒకరికొకరు ప్రత్యామ్నాయం కారు. కోర్టులో వాదించేది, గోప్యత అవసరమైన అభిప్రాయం రాసేది బయటి న్యాయవాది. ఆ న్యాయవాదిని ఎంచి, ప్రశ్నను సరిగా అడిగి, వచ్చిన సలహాను సంస్థ పాటించేలా చూసేది లోపలి అధికారి. ఈ ఎంపికైనా పార్టీ జెండాను బట్టి జరగకూడదు. ప్రభుత్వ న్యాయవాదుల నియామకం ఇష్టారాజ్యం కాదని, నిష్పాక్షికమైన పద్ధతి ఉండాలని పంజాబ్ కేసులో 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సూత్రం మీ స్టాండింగ్ కౌన్సెళ్ల జాబితాకూ వర్తింపజేయడానికి మరో తీర్పు కోసం ఎదురుచూడనక్కరలేదు.

నా సూచన ఇది. పదవీకాలం 5 సంవత్సరాలు ఉండాలి, ఎన్నికలతో సంబంధం లేకుండా సాగాలి. ఎంపిక సంఘంలో హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఒకరు ఉండాలి. జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారిని డెప్యుటేషన్ మీద తెచ్చుకునే దారి ఉంది గానీ, గృహనిర్మాణం, రెరా, బ్యాంకు ఒప్పందాలు తెలిసిన న్యాయవాదిని బయటి నుంచి తేవడం నాకు మెరుగనిపిస్తుంది. తీర్పు చెప్పడానికి అలవాటుపడిన మనసు, ఒప్పందం కుదిర్చే మనసు ఒకటి కావు. పదవి నుంచి తొలగించాలంటే పాలకమండలి కారణాలు నమోదు చేయాలి. అన్నింటికన్నా ముఖ్యం, చీఫ్ లా ఆఫీసర్ అభిప్రాయాన్ని కాదని మేనేజింగ్ డైరెక్టరు ముందుకు వెళ్లదలచుకుంటే వెళ్లనివ్వండి, అయితే ఎందుకు కాదన్నదీ అదే నోట్ ఫైలులో రాసి సంతకం చేయాలి. ఆ అధికారికి నిర్ణయాన్ని అడ్డుకునే వీటో ఇవ్వమని నేను అడగడం లేదు. పాలన నడిపేది పాలకులే. కారణం రాయవలసి రావడమే చాలా తొందరపాటు నిర్ణయాలను నెమ్మదింపజేస్తుంది.

ఖర్చు మాట తప్పక వస్తుంది. ఒక సీనియర్ అధికారి, నలుగురు యువ న్యాయవాదులు, ఒక రికార్డు విభాగం, ఇంతకు మించి ఏమీ అక్కరలేదు. దాని వార్షిక భారం ఎంతో, ఆలస్యపు వడ్డీలకు, పరిహారాలకు, ఓడిన అప్పీళ్ల ఫీజులకు మీ సంస్థలు చెల్లిస్తున్నది ఎంతో మీ ఆర్థిక విభాగాలే పక్కపక్కన పెట్టి చూపగలవు. ఆ లెక్కను పాలకమండలి ముందు పెట్టి, బహిరంగపరచమని కోరుతున్నాను. ప్రభుత్వ ప్లీడర్లు ఉండగా ఇదంతా ఎందుకని అనేవారికి నా సమాధానం క్లుప్తం. వారు ప్రభుత్వానికి న్యాయవాదులు. హౌసింగ్ బోర్డు ప్రయోజనం, ప్రభుత్వ ప్రయోజనం ఎప్పుడూ ఒకటి కావు. బోర్డు భూమిని వేరే శాఖకు బదలాయించమని ఉత్తర్వు వచ్చిన రోజున ఆ తేడా తెలుస్తుంది.

దీన్ని ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశ 2024 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది, కోటి మంది పట్టణ పేద, మధ్యతరగతి కుటుంబాలు దాని లక్ష్యం. అందులో అందుబాటు అద్దె ఇళ్లు ఒక ప్రత్యేక విభాగం. ఇన్నేళ్లూ ఇల్లు కట్టి అమ్మడమో, కట్టుకోవడానికి డబ్బివ్వడమో ప్రధానంగా చేసిన మీ సంస్థలు ఆ దారిలో నడిస్తే పెద్ద ఎత్తున అద్దె యజమానులవుతాయి. అద్దె ఎవరు నిర్ణయిస్తారు, ఎంత కాలానికి పెంచుతారు, మూడు నెలలు కట్టలేని కూలీ కుటుంబాన్ని ఏ పద్ధతిలో, ఎవరి విచారణ తరువాత ఖాళీ చేయించవచ్చు, వలస కార్మికుడు ఊరికి వెళ్లి 2 నెలలు రాకపోతే ఇల్లు వదిలేసినట్టేనా, ప్రైవేటు భాగస్వామి నిర్వహించే భవనంలో లిఫ్టు తెగితే బాధ్యత ఎవరిది, ఇవన్నీ ఇంకా తెల్ల కాగితం మీదే ఉన్నాయి. ఆ కాగితం నిండకముందే, తదుపరి పాలకమండలి సమావేశపు ఎజెండాలో చీఫ్ లా ఆఫీసర్ పదవి ఏర్పాటును ఒక అంశంగా చేర్చాలని, పదవి భర్తీ అయ్యేదాకా అద్దె ఇళ్ల నమూనా ఒప్పందాన్ని ఖరారు చేయవద్దని, ముసాయిదాను తెలుగులో ప్రచురించి కనీసం 30 రోజులు అభ్యంతరాలకు గడువు ఇవ్వాలని కోరుతున్నాను. ముసాయిదా వెలువడితే క్లాజుల వారీగా నా అభ్యంతరాలు పంపుతాను.

భవదీయుడు,
గృహనిర్మాణ వ్యాజ్యాలలో ఇరుపక్షాల తరఫునా వాదించిన ఒక న్యాయవాది